దేవుణ్ణి నమ్మేవాళ్లకు తెలివి తక్కువా?

"అమ్మ రోజూ గంటసేపు పూజ చేస్తుంది. తమ్ముడు నాస్తికుడు. నమ్మకం ఉన్నచోట తెలివి ఉండదని వాదిస్తాడు, నిజమేనా?" అని మీరు రాసి అడిగారు. నిజం కాదు. అలాగని "గొప్ప శాస్త్రవేత్తలంతా భక్తులే" అంటూ ఫోన్లలో తిరిగే జవాబూ నిజం కాదు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇన్నేళ్లుగా మార్కులు, ర్యాంకుల మధ్యే ఉండడం వల్లనేమో, వాటి మీద నాకు పెద్ద గౌరవం మిగల్లేదు. తన అంచనా తప్పిందని తేలినప్పుడు మనిషి ఏం చేస్తాడు? తెలివిని నేను దాన్నిబట్టే కొలుస్తాను.

ఈ కొలత నాకు మా ఊళ్లో మోటార్లు రివైండింగ్ చేసే ఒక భాయ్ దగ్గర దొరికింది. ఒకే వేసవిలో మా పొలం బోరు మోటారు రెండుసార్లు కాలిపోయింది. మా బావమరిది ఇంజనీరు, హేతువాదం గురించి అనర్గళంగా మాట్లాడతాడు. మోటారు విప్పకముందే, భాయ్ నాసిరకం తీగ చుట్టాడని తీర్పు ఇచ్చేశాడు. భాయ్ వాదనకు దిగలేదు. మోటారు విప్పి చూపించాడు. మోటారుకు కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు తీగల్లో వస్తుంది, ఒక్కో ఫేజుకూ లోపల ఒక్కో చుట్టు ఉంటుంది. రెండు ఫేజుల చుట్లు బొగ్గులా మాడిపోయి ఉన్నాయి, మూడోది నిన్న చుట్టినట్టు మెరుస్తోంది.

"లోడు ఎక్కువైతే మూడూ ఒకేలా మాడతాయి సార్. మూడు చుట్ల కొసలూ ఒకచోట కలిపే ఈ స్టార్ కనెక్షన్‌లో రెండే మాడి ఒకటి మిగిలిందంటే, ఒక ఫేజు అందకుండానే మోటారు తిరిగిందన్నమాట. ముందు మీ స్టార్టరు విప్పి చూడండి. నా చుట్టుడులో తప్పుంటే డబ్బులు ఇవ్వొద్దు" అన్నాడు. స్టార్టరు విప్పితే ఒక కాంటాక్టు అరిగి, కాలి నల్లబడి ఉంది. మా బావమరిది మాత్రం తీగ గురించే మాట్లాడుతూ పోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ భాయ్ ఏడో తరగతితో చదువు మానేశాడు. శుక్రవారం మధ్యాహ్నం షట్టరు దించి నమాజుకు వెళతాడు, చేతికి తాయెత్తు ఉంటుంది. అతని దగ్గర నూనె మరకల నోటుపుస్తకం ఒకటుంది. ప్రతి మోటారుకూ ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ అని అందులో రాస్తాడు. బాగుచేసిన మోటారు మళ్లీ కాలి వస్తే, ఆ వరుస పక్కన కారణం ఎర్ర సిరాతో రాస్తాడు. తన పనిలో తప్పయితే అదీ ఎర్ర సిరాతోనే. తిరిగొచ్చిన పనిని మరిచిపోవడానికి చూసే దుకాణాలే నాకు ఎక్కువ తెలుసు.

భక్తుల పక్షంవాళ్లు ఈ చర్చలోకి రామానుజన్‌ను తప్పక లాక్కొస్తారు. నామక్కల్ నామగిరి అమ్మవారి దయవల్లే సూత్రాలు స్ఫురిస్తున్నాయని ఆయన అన్నమాట వాస్తవమే. అయితే 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల గురించి ఆయన చెప్పినవి కొన్ని తప్పు. అమ్మవారి మాటకు తిరుగేమిటని భీష్మించుకోకుండా, నాస్తికుడైన హార్డీ దగ్గర నిరూపణల పద్ధతి నేర్చుకున్నారు. ఇద్దరూ కలిసి 1918లో విభజనల సూత్రం ప్రచురించారు. 4ను కూడికలుగా ఐదు విధాలుగా రాయవచ్చు: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మరి 200ను? మెక్‌మహాన్ అనే గణితవేత్త చేత్తో లెక్కకట్టిన జవాబు 39,72,99,90,29,388. సూత్రంలోని ఎనిమిది పదాలు కూడితే 0.004 తేడాతో అదే వచ్చింది. మా పిల్లలకు ఇది చెప్పిన రోజు పాఠం ముందుకు సాగదు. సూత్రం ఎవరికి ఎలా తోచినా, సరిచూసే దారి మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

1979 భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నవారిలో అబ్దుస్ సలాం నిష్ఠ గల ముస్లిం, స్టీవెన్ వైన్‌బర్గ్ నాస్తికుడు. ఇద్దరూ విడివిడిగా ఒకే సిద్ధాంతానికి చేరారు.

మీ తమ్ముడు పరిశోధనలు చూపిస్తాడేమో. 63 అధ్యయనాలను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో మతనిష్ఠకూ తెలివి పరీక్షల స్కోర్లకూ విలోమ సంబంధమే, అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గే ధోరణే కనబడింది. సహసంబంధ గుణకం సగటున −0.24. లెక్కల మాస్టారుగా చెబుతున్నాను: దాన్ని వర్గం చేస్తే, స్కోర్లలోని హెచ్చుతగ్గుల్లో ఇంచుమించు ఆరు శాతం మతనిష్ఠతో ముడిపడి ఉంది. ఎదురుగా కూర్చున్న ఒక మనిషి గురించి తీర్పు చెప్పడానికి అది చాలదు.

నమ్మకం అసలు లెక్కలోకే రాదని కూడా అనను. పాముకాటుకు మంత్రం వేసేవాళ్లను చూశాను. కరిచే పాములన్నిటికీ విషం ఉండదు. నాగుపాము, రక్తపింజర కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తాయి. కాబట్టి మంత్రగాడి దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామంది ఎలాగూ బతుకుతారు, ఆ పేరంతా మంత్రానికి వస్తుంది. చనిపోయినవాళ్ల లెక్క రాయడానికి అతని దగ్గర ఎర్ర సిరా లేదు. కట్లపాము కరిచినవాడికి గంట ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది, విషానికి విరుగుడైన యాంటీవీనం ఆసుపత్రిలోనే దొరుకుతుంది. అలాంటప్పుడు నమ్మకం ప్రశ్నను మూసేస్తే, ఎంత చదువుకున్నవాడి తెలివైనా అక్కరకు రాదు.

మీ అమ్మగారి గురించి మీరు ఒక సంగతి రాయలేదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆవిడ విభూతి పెట్టి మాత్ర కూడా ఇస్తారా, విభూతితోనే సరిపెడతారా? మొదటిదైతే గంటసేపు పూజతో ఎవరికీ ఇబ్బంది లేదు, తమ్ముణ్ణి ఊరుకోమనండి. రెండోదైతే నేనూ మీ తమ్ముడి పక్షమే.