తుపాను అంచనాను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: 2018లో తిత్లీ తుపాను మా ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. 2021 డిసెంబరులో జవాద్ వస్తోందని జనాన్ని శిబిరాలకు తరలిస్తే, అది సముద్రంలోనే బలహీనపడింది. మళ్లీ వెళ్లమంటే కదలబోమని మా ఊళ్లో చాలామంది అంటున్నారు. కంప్యూటర్ వేసిన లెక్కను నమ్మి ఇల్లు విడవాలా?
– ఒక పాఠకుడు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: విడవాలి. అయితే ఆ లెక్కలో ఏ మాట ఎంత గట్టిదో తెలుసుకుని విడవాలి.

తుపాను దారి చాలావరకు దాని చుట్టూ వీచే విస్తారమైన గాలులను బట్టి ఉంటుంది కనుక, ఒకటి రెండు రోజుల ముందు దానిని బాగానే చెప్పగలుగుతున్నారు. బలం మాత్రం సముద్రపు వేడి, చొరబడే పొడిగాలి, పైకి వెళ్లేకొద్దీ గాలి దిశ మారే తీరు వంటి వాటి మీద ఆధారపడుతుంది. అందుకే జవాద్ వంటివి అంచనాకు అందకుండా నీరసిస్తాయి.

ఆరంభపు కొలతలో స్వల్ప తేడా కూడా ఫలితాన్ని మార్చేయగలదు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రవేత్త 0.506127కు బదులు 0.506 ఇచ్చి కంప్యూటర్‌లో వాతావరణ లెక్కను మళ్లీ నడిపితే, కొంతసేపటికి అది పూర్తిగా వేరే వాతావరణాన్ని చూపింది. అందుకే ఇప్పుడు ఆరంభ విలువలను కొద్దికొద్దిగా మార్చి లెక్కను అనేకసార్లు నడుపుతారు; ఫలితాలన్నీ దగ్గరదగ్గరగా వస్తే అంచనాను మరింత ధీమాగా చెబుతారు. హెచ్చరిక పటంలో తుపాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో చూపుతూ, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే భాగాన్ని గత అంచనాలలో దొర్లిన తేడాలను బట్టి గీస్తారు. మధ్య గీత మాత్రమే చూసి మన ఊరు తప్పించుకుందని అనుకోవడం చాలా ప్రమాదం.

వరద లెక్క విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తిత్లీ తీరం దాటాక ఒడిశా కొండల్లో కురిసిన వాన వంశధారలో మన జిల్లాకు వరదగా వచ్చింది. అటువంటి వరదను లెక్కగట్టాలంటే ముందు వానను, ఆపై నది తీరును అంచనా వేయాలి. ఇసుక మేటలు మారిన నదికి పాత కొలతలు వాడితే, వాన అంచనాలోని తప్పుకు నది అంచనాలోని తప్పూ తోడవుతుంది. వంశధారపై ఉన్న గొట్టా బ్యారేజీ వద్ద నీటిమట్టం లెక్కకు మించి పెరుగుతుంటే, నమ్మవలసింది నీటిమట్టాన్నే.

జవాద్ నాటి తరలింపు పొరపాటు కాదని నా అభిప్రాయం. ఆనాడు చేతిలో ఉన్న సమాచారంతో అదే సరైన నిర్ణయం: వెళ్లినందుకు రెండు రోజుల కూలి పోవచ్చు, ఉండిపోయినందుకు ప్రాణమే పోవచ్చు. అయితే ఆ కూలి నష్టాన్ని మత్స్యకారులూ కౌలు రైతులూ మాత్రమే మోయడం అన్యాయం. తుపాను తప్పిపోయినా తరలివెళ్లిన కుటుంబాలకు ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి, అంచనా తప్పే అవకాశం ఎంత ఉందో ముందుగానే ఊరికి చెప్పాలి.