తుంటి ఆపరేషన్ అయ్యాక నాన్న మనుషుల్ని గుర్తుపట్టట్లేదు, మత్తు మందు ఎక్కువైందా?

మీ నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి ఏదేదో మాట్లాడుతున్నారు, మత్తు ఎక్కువిచ్చారా అని అడిగారు కదా అండీ, సరిగ్గా ఇదే అనుమానంతో పోయినేడాది నేను ఖమ్మంలో ఒక హాస్పిటల్ వార్డులో రాత్రంతా కూర్చున్నా. నేను డాక్టర్ని కాదు, మా అమ్మ విషయంలో పడ్డదీ, తర్వాత డాక్టర్లని విసిగించి తెలుసుకున్నదీ చెప్తా.

అమ్మకి 78. బాత్రూంలో జారి పడింది, మర్నాడే ఆపరేషన్, ఆ సాయంత్రం నన్ను తిన్నావా అని కూడా అడిగింది. రెండో రోజు చీకటి పడ్డాక మొదలైందండీ, సెలైన్ సూది పీకేసి, గేదెలకి కుడితి పెట్టలేదు నన్ను వదలండ్రా అని ఒకటే గోల, మేం గేదెలు అమ్మేసి ఇరవై ఏళ్ళయింది! తెల్లారేసరికి మళ్ళీ మామూలు మనిషి. మా పెద్దమ్మ గాలి సోకిందని తాయెత్తు తెచ్చింది, బావేమో మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. రెండూ కాదు, ఇలాంటి అయోమయం ఉన్నట్టుండి మొదలై పూటకో రకంగా ఉంటే దాన్ని డెలీరియం అంటారట.

నేను మత్తు డాక్టర్ మీదే పడ్డా. పాపం ఆయన ఓపిగ్గా చెప్పాడు, అమ్మకిచ్చింది నడుముకిచ్చే స్పైనల్ మాత్రమే, పూర్తి మత్తు కాదు అని. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మంది మీద రీగెయిన్ అనే ట్రయల్ జరిగింది, 2021లో ఫలితాలొచ్చాయి, స్పైనల్ అయినా ఫుల్ మత్తు అయినా డెలీరియం దాదాపు ఒకేలా, 20 శాతం చొప్పున వచ్చింది.

మరి దేనివల్ల అంటే, ఎముక విరగడం, కోత, వీటికి ఒళ్ళు స్పందించి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు రసాయనాలు రక్తంలోకి వదుల్తుంది. రక్తానికీ మెదడుకీ మధ్య జల్లెడ లాంటి అడ్డుగోడ ఉంటుంది, వయసు మీద పడి పైగా ఈ వాపు తోడైతే అది లీకవుతుంది, లోపల మైక్రోగ్లియా అనే కాపలా కణాలు పెద్దవాళ్ళలో చిన్న కబురుకే రెచ్చిపోతాయి. ధ్యాస నిలబెట్టే ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం తగ్గి డోపమైన్ అనే ఇంకో రసాయనం పైచేయి అవుతుందనీ, లేనివి కనపడేది అందుకేననీ అంటారు. ఇదొక్కటే కాదులెండి, నిద్ర పాడవడం, ఆక్సిజన్ తగ్గడం, ఇన్ఫెక్షన్, తగ్గని నొప్పి, అన్నీ కలిసే పడగొడతాయి.

ఇక్కడే మేం చేసిన తప్పు. దురదగా ఉందంటే అమ్మకి ఎవిల్ ఇంజెక్షన్ ఇచ్చారు, అది ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే రకం, చాలదన్నట్టు నిద్రపట్టట్లేదని నర్సుని బతిమాలి నేనే నిద్రమాత్ర వేయించా. ఇంకోటి, రక్తంలో సోడియం 122కి పడిపోయింది, కనీసం 135 ఉండాలి. అమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయే మందు కలిసి ఉందని మాలో ఒక్కడికీ తెలీదు, ఇంటి దగ్గర్నుంచి మాత్రల స్ట్రిప్పు తెచ్చి చూపిస్తే అప్పుడు దొరికింది. సోడియం గబగబా ఎక్కిస్తే మెదడుకే ప్రమాదమని మెల్లగా పెంచారు. మూత్రానికి పెట్టిన ట్యూబ్ తీసేశాక మూత్రం బిగబట్టి పొట్ట రాయిలా ఉంది, అది ఖాళీ చేయగానే సగం గోల తగ్గింది.

మీరు ముందు సోడియం, షుగర్, ఆక్సిజన్ చూశారా, మూత్రం వస్తోందా, మోషన్ అయి ఎన్నాళ్ళయింది, ఏ మందులు కొత్తగా మొదలుపెట్టారు, ఇవి అడగండి. కళ్ళజోడు, చెవి మిషన్ పెట్టండి, అమ్మవి మూడు రోజులు బ్యాగులోనే ఉండిపోయాయి. పగలు కిటికీ తెర తీసి కాసేపు కూర్చోబెట్టండి. గోల మానేసి మత్తుగా పడుంటే తగ్గిందనుకోకండి, అది కూడా డెలీరియమే, దాన్నే ఎవరూ పట్టించుకోరు. అమ్మకి గోల ఐదు రోజుల్లో తగ్గింది కానీ పూర్తిగా మనిషి అవ్వడానికి మూడు వారాలు పట్టింది.

ఇంకొక్కటి, అడగొచ్చో లేదో. నాన్నగారికి రోజూ కొంచెం మందు తాగే అలవాటుందా? ఉంటే అది ఉన్నట్టుండి ఆగిపోయి రెండు మూడు రోజులకి అచ్చం ఇలాగే అవుతుంది, దానికి వైద్యం వేరు. చుట్టాల ముందు చెప్పుకోలేకపోతే డాక్టర్ని పక్కకి పిలిచి ఈ రోజే చెప్పేయండి.