తెరవడం సరే, సేవ్ చేస్తే యాడికి పోతుంది?

అడిగినవారి ప్రశ్న ఇది: "మా ఆఫీసు వెబ్ అప్లికేషన్‌లో ఫైళ్లన్నీ సర్వర్ మీద ఉంటాయి. యూజర్ లింకు నొక్కితే డౌన్‌లోడ్ అవకుండా, వాళ్ల కంప్యూటర్‌లోని వర్డ్‌లోనే ఫైలు తెరుచుకోవాలి. ఏం కోడ్ రాయాలి?"

కోడ్ సంగతి తర్వాత. మీవాళ్లు ఆ ఫైలు తెరిచి ఏమైనా దిద్దుతారా, చూసి మూసేస్తారా? చూసి మూసేసేటట్లయితే పీడీఎఫ్ చేసి పెట్టండి, సర్వర్ ఫైలుతో పాటు పంపే కంటెంట్ డిస్పొజిషన్ హెడర్‌లో 'ఇన్‌లైన్' (ఇక్కడే చూపించు) అని పెట్టండి. బ్రౌజర్ ట్యాబులోనే కనిపిస్తుంది. మీ పని అయిపోయింది, మిగతాది చదవక్కర్లేదు. దిద్దేటట్లయితే మాత్రం మీరు తెరవడం గురించి అడగడమే తప్పు. నేనూ మొదట అదే అడిగాను. ఒక స్టాంపు పేపరు పాడయ్యాక గానీ నాకు బుద్ధి రాలేదు.

నాది అనంతపురం. ప్రింటర్లు బాగుచేయడం, సీసీ కెమెరాలు బిగించడం, మధ్యలో ఎవరైనా అడిగితే పీహెచ్‌పీలో చిన్న చిన్న అప్లికేషన్లు రాయడం నా పని. కరోనాకు ముందు ఒక దస్తావేజులు రాసే ఆఫీసుకు ఇట్లాంటిదే చేసిచ్చాను. అక్కడ ఒక పెద్దాయన, నలుగురు టైపిస్టులు. అంతవరకు పెన్‌డ్రైవ్ చేతులు మారుతూ ఉండేది. దాంతో వైరస్ కూడా నాలుగు సిస్టమ్‌లూ తిరిగేది. నా అప్లికేషన్‌లో పార్టీ పేరు, ఊరు, సర్వే నంబరు కొట్టి లింకు నొక్కితే దస్తావేజు రావాలి. అంతే.

మొదట షేర్డ్ ఫోల్డర్ దారినే లింకుగా ఇచ్చాను. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా తెరుచుకుంది. ఎందుకంటే ఆ పేజీని కూడా నేను హార్డ్‌డిస్క్ నుంచే తెరిచాను. ఆఫీసులో సర్వర్ నుంచి పేజీ వచ్చేసరికి లింకు నొక్కితే కుయ్యి లేదు, కయ్యి లేదు. ఎర్రర్ కూడా చూపించదు, లోపల కన్సోల్ తెరిచి చూస్తే మాత్రం లోకల్ ఫైలుకు అనుమతి లేదని ఒక వాక్యం ఉంటుంది. ఇది బ్రౌజర్ చేసే న్యాయమైన పనే లెండి. ఏదో ఒక వెబ్‌సైటు మన డిస్కులోని ఫైళ్లను తన ఇష్టమొచ్చినట్లు తెరుస్తుంటే, రోడ్డున పోయేవాడికి బీరువా తాళాలిచ్చినట్లే.

ఇక్కడ నాకొక మంట ఉంది. నెట్‌లో వెతికితే ఇప్పటికీ యాక్టివ్‌ఎక్స్ వాడమని చెప్పే జవాబులే వస్తాయి. ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో స్క్రిప్ట్ నుంచే వర్డ్‌ను పిలిచి ఫైలు తెరిపించే కాలం ఒకటి ఉండేది, నిజమే. ఆ బ్రౌజర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సాగనంపింది. క్రోమ్ కూడా పాత తరహా ప్లగిన్లను 2015లోనే తీసేసింది. ఆ జవాబులు రాసినవాళ్లు ఒకసారి వచ్చి, పైన "ఇది పాతది" అని ఒక ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోతుందో నాకర్థం కాదు. నేను రెండు రాత్రులు వాటిమీదే పోగొట్టుకున్నాను.

సరే, లోకంలో అందరూ చేసేదే చేశాను. లింకు నొక్కితే ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది, దాని మీద నొక్కితే వర్డ్ తెరుచుకుంటుంది. అందరికీ నచ్చింది. రెండు వారాలు హాయిగా గడిచాయి.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక మూడెకరాల చేను అమ్మకానికి వచ్చింది. ముందురోజు సాయంత్రం అమ్మేవాళ్లు వచ్చి డ్రాఫ్టు చూసుకుని, చెక్కుబందీలో పడమటి హద్దు తప్పు పడిందన్నారు. పడమర ఉండేది వంక (వాగు) కాదు, బండి రస్తా. టైపిస్టు అమ్మాయి వాళ్ల ముందే లింకు నొక్కి, ఫైలు తెరిచి, దిద్ది, సేవ్ చేసి, స్క్రీన్ మీద చూపించింది. అందరూ తలూపి వెళ్లిపోయారు. మరుసటిరోజు ఆ అమ్మాయి రావడం ఆలస్యమైంది. ఇంకో సిస్టమ్‌లో ఇంకో అబ్బాయి అదే లింకు నొక్కి, తీసి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు కొట్టేశాడు. పెద్దాయనకు ప్రతి దస్తావేజూ పార్టీలకు పైకి చదివి వినిపించే అలవాటు. అదే కాపాడింది. తూర్పు అయింది, పడమర దగ్గరికొచ్చి "వంక" అనగానే అమ్మే ఆయన తండ్రి చేయెత్తాడు.

"వంక యాడుంది సామీ పక్కన? అది దక్షిణాన కదా ఉండేది. నిన్న దిద్దిరి కదా!"

నాకు ఫోన్ వచ్చింది. పోయి చూస్తే సర్వర్‌లో పాత ఫైలే చెక్కుచెదరకుండా ఉంది. దిద్దింది ఆ అమ్మాయి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంది. ఒకటి కాదు: విక్రయం, విక్రయం బ్రాకెట్లో ఒకటి, బ్రాకెట్లో రెండు... అట్లా పద్నాలుగు. ఏది ఏ పార్టీదో, ఏది చివరిదో తేదీలు చూసుకుంటూ ఒక్కొక్కటీ తెరిచాను. సాక్షులు బయట బెంచీ మీద కూర్చుని నా వైపే చూస్తున్నారు. పెద్దాయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి అన్న మాట ఇంకా గుర్తుంది: "దిద్దిన కాగితాన్ని నీ సర్వర్ మింగిందా అప్పా? నేను చేత్తో రాసి బీరువాలో పెట్టింటే ఈడే ఉండేది గదా."

ఆ అమ్మాయిని అడిగితే తను చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. డౌన్‌లోడ్ అయిన ఫైలు తెరవగానే వర్డ్ పైన ఒక పసుపు పట్టీ వస్తుంది కదా, ఎనేబుల్ ఎడిటింగ్ అని. నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ కనపడని ఒక ముద్ర వేస్తుంది, అది చూసి వర్డ్ జాగ్రత్తపడి పెట్టే పట్టీ అది. "ఆ పచ్చ పట్టీ నొక్కితే సర్వర్‌కు కలుపుతుందనుకున్యా అన్నా. రోజూ నొక్కుతానే ఉండా" అంది. తప్పు తనది కానే కాదు. అప్లికేషన్‌లో నొక్కింది, వర్డ్ వచ్చింది, సేవ్ కొట్టింది. ఆ సేవ్ ఎక్కడికి పోతోందో తెలుసుకునే వీలు మేమెక్కడ పెట్టాం?

ఇప్పుడు మీ జవాబు. లింకు అడ్రసును నేరుగా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టకండి. దాని ముందు ఎంఎస్ హైఫన్ వర్డ్ అని రాసి కోలన్, తర్వాత ఓఎఫ్ఈ, నిలువు గీత, యు, ఇంకో నిలువు గీత పెట్టి, ఆపైన హెచ్‌టీటీపీఎస్‌తో సహా ఫైలు పూర్తి అడ్రసు ఇవ్వండి. ఓఎఫ్ఈ అంటే దిద్దడానికి తెరువు అని, కేవలం చూడటానికైతే ఓఎఫ్‌వీ. ఎక్సెల్‌కు ఎంఎస్ హైఫన్ ఎక్సెల్. మీ మెషీన్లలో ఆఫీస్ 2010, సర్వీస్ ప్యాక్ 2 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. అప్పుడు బ్రౌజర్ ఫైలును ముట్టుకోదు, అడ్రసు వర్డ్ చేతికిచ్చి తప్పుకుంటుంది. వర్డే సర్వర్‌తో మాట్లాడుకుంటుంది, సేవ్ కొడితే సర్వర్‌కే పోతుంది.

అయితే వర్డ్‌కు అర్థమయ్యేటట్లు సర్వర్ జవాబివ్వాలి. దానికి వెబ్‌డావ్ కావాలి. సర్వర్‌లోని ఫైళ్లను వెబ్ ద్వారానే దిద్ది సేవ్ చేయనిచ్చే పద్ధతి అది, 1999 నుంచీ ఉన్నదే. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో ఉంది, లినక్స్‌లో ఎక్కువగా వాడే అపాచీ వెబ్ సర్వర్‌లో మోడ్ డావ్ అనే భాగం ఉంది. గెట్‌కు, అంటే ఫైలు ఇమ్మనే మాటకు, మాత్రమే బదులిచ్చే మామూలు సర్వర్ పెడితే ఫైలు రీడ్ ఓన్లీగా తెరుచుకుంటుంది. అప్పుడు మీవాళ్లు సేవ్ యాజ్ కొట్టి డెస్క్‌టాప్‌లో పెట్టుకుంటారు, మళ్లీ కథ మొదటికి.

నన్ను ఎక్కువ ఏడిపించింది లాగిన్. యూజర్ లాగిన్ అయ్యింది క్రోమ్‌లో, లాగిన్ అయినట్లు గుర్తుగా బ్రౌజర్ దాచుకునే కుకీ వర్డ్ దగ్గర ఉండదు. వర్డ్ వెళ్లి తలుపు కొడితే సర్వర్ నువ్వెవరంటుంది. ఆ సాయంత్రం వరకు చెల్లే ఒక టోకెన్, అంటే పాస్ లాంటి రహస్య గుర్తు, తయారుచేసి దాన్ని అడ్రసు దారి మధ్యలోనే, ఫోల్డర్ పేరులాగా ఇరికించాను. ప్రశ్నార్థకం గుర్తు తర్వాత పెట్టి చూస్తే నాకు కుదరలేదు. హెచ్‌టీటీపీఎస్ లేకుండా చేద్దామనుకోకండి, ఆఫీసు లోపలి నెట్‌వర్క్ అయినా సరే. నేనే ఒక సర్టిఫికెట్ తయారుచేసుకుని ప్రతి సిస్టమ్‌లోనూ వేసొచ్చాను.

మీ ఫైళ్లకు తెలుగు పేర్లుంటే ఇంకో మాట. "విక్రయం" మనకు మూడక్షరాలు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు, అడ్రసులో పర్సెంట్ గుర్తులతో రాస్తే 63 అక్షరాలు. ఊరు, పార్టీ పేరు, సర్వే నంబరు కలిపి ఫైలుకు పేరు పెట్టారంటే అడ్రసు కొండవీటి చాంతాడే. సర్వర్‌లో నంబర్లతో పేర్లు పెట్టుకుని, తెలుగు పేరు స్క్రీన్ మీద చూపించండి.

అన్నీ ఆన్‌లైన్ ఎడిటర్‌లో పెట్టేయొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు. మా ఊళ్లో పనికిరాదు. మా పెద్దాయన ఆఫీసులో పాతికేళ్ల దస్తావేజులు పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి, ఇప్పుడు అన్నిచోట్లా వాడే యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పైగా నెట్ ఎప్పుడుంటుందో మా వీధిలో దేవుడికే తెలియాలి. ఇన్వర్టర్ మీద లోపలి సర్వర్ నడుస్తూ ఉంటే చాలు, వర్డ్ పని ఆగదు.

ఇప్పుడు పెద్దాయన నుంచి నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే రకం. వెబ్‌డావ్‌లో ఒకరు ఫైలు తెరిస్తే అది లాక్ అవుతుంది, రెండోవాళ్లకు ఫలానావాళ్ల దగ్గర ఉందని వర్డ్ చెబుతుంది. "ఏమప్పా, ఫైలు ఆ పిల్లోని దగ్గర ఉందంటాంది. వాడు చూస్తే టీకి పోయినాడు." వాడి సిస్టమ్ దగ్గరికి పోయి వర్డ్ మూసేయండి సార్ అంటాను. మూసేసే ముందు సేవ్ అడిగితే ఎస్ కొట్టమని కూడా చెప్తాను.

మీ సర్వర్ విండోసా, లినక్సా రాయండి. లినక్స్ అయితే నా అపాచీ సెట్టింగులు పెడతాను.