టూల్స్ పెద్ద సెట్ కొనాలా, విడిగా కొనాలా?

ప్రశ్న: మెకానిక్ పనిలో కొత్తగా చేరానండి. సొంత టూల్స్ తెచ్చుకోమన్నారు. 200 పీసుల సెట్ ఒకటి చూశాను, తీసుకోమంటారా?

జవాబు: దాని జోలికి పోకు తమ్ముడూ. అలాంటి సెట్లలో చాలావరకు బిట్లు (స్క్రూడ్రైవర్ మొనలు), అలెన్ కీలతోనే (ఎల్ ఆకారంలో వంచిన ఆరు పలకల కడ్డీలు) లెక్క పెంచేస్తారు, రోజూ చేతిలో ఆడేవి 8, 10, 12, 13, 14, 17, 19 ఎంఎం సైజులే కాబట్టి ముందు వాటిల్లో స్పానర్లు, సాకెట్లు (బోల్టు తల మీద టోపీలా కూర్చునేవి) మంచివి తీసుకో, 10 మాత్రం రెండు కొనుక్కో, అదెప్పుడూ మాయమవుతూనే ఉంటుంది.

సాకెట్ లోపల 6 మూలలున్నదే చూసుకో. 12 మూలలది తొందరగా కూర్చుంటుంది నిజమే కానీ తుప్పు పట్టిన బోల్టు మీద గట్టిగా బలం వేశావంటే జారిపోయి బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది, ఇంక ఐదు నిమిషాల పనికి పూటంతా పోతుంది. క్రోమ్ వెనేడియం (టూల్స్‌కి వాడే గట్టి ఉక్కు) అని అచ్చు కొట్టి ఉన్నంత మాత్రాన నమ్మకు, స్పానర్‌ని కొత్త బోల్టుకి పెట్టి ఊపి చూడు, లూజుగా ఆడితే వద్దు. రాట్చెట్‌కి, అంటే సాకెట్‌ని ఊడదీయకుండా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తిప్పే పిడికి, లోపల 72 పళ్లుంటే 5 డిగ్రీలు కదిలినా పట్టేస్తుంది, ఇరుకు చోట్ల అదే కావాలి.

ఇంపాక్ట్ గన్‌కి (దెబ్బలు వేస్తూ బోల్టులు తిప్పే మెషీన్) మాత్రం ఈ మెరిసే సాకెట్లు పెట్టకు, పగిలి ముక్కలు ఎగురుతాయి, దానికి నల్లవి వేరే ఉంటాయి.

టార్క్ రెంచ్, అంటే బోల్టుని కొలిచిన బలంతో బిగించేది, తర్వాత కొనుక్కోవచ్చులే. కొన్నాక దాంతో బోల్టులు ఊడదీయకు, పెట్టిన బలం రాగానే టక్కుమనే క్లిక్ టైపైతే పనయ్యాక సెట్టింగ్ బాగా కిందికి తగ్గించి పెట్టు.