సమాధానం: తల్లీత్ (యూదుల ప్రార్థన శాలువా) కప్పుకుని ఆరాధన చేయించవచ్చా?

సిస్టర్ గారూ, ఇజ్రాయెల్‌లో పనిచేసే మీ చెల్లెలు పంపిన తల్లీత్‌ను పాస్టర్ గారు ఆదివారం కప్పుకుంటానంటే రాజోలు సంఘంలో పెద్దలు గొడవపడుతున్నారన్నారు కదా. నా మాట: ఆరాధనలో వద్దండి.

అది అలంకారపు శాలువా కాదు. సంఖ్యాకాండము 15:38లో దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన కుచ్చుల వస్త్రం. యూదులు ఎక్కువగా ఉదయం ప్రార్థనకే కప్పుకుంటారు, చాలామందిని చనిపోయాక దానితోనే పాతిపెడతారు. మనవాళ్లేమో సాయంత్రం స్వస్థత కూటంలో, కీబోర్డు మోతలో, స్టేజీ మీద ఊపుతుంటారు! చూసే యూదుడికి ఎలా ఉంటుంది? పైగా అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సంఘం యూదులు కాని అన్యజనుల మీద మోషే ధర్మశాస్త్రపు భారం మోపలేదు. కుచ్చులు పొడవు చేసుకుని చూపించుకునేవాళ్లను యేసు మత్తయి 23:5లో గద్దించాడు కూడా. ఆయన వస్త్రపు చెంగు ముట్టి బాగైన స్త్రీని చూపి 'శక్తి గుడ్డలో ఉంది' అంటే ఒప్పుకోకండి, 'నీ విశ్వాసము నిన్ను బాగుపరచెను' అన్నాడాయన.

1836లో ఇండియా వచ్చి నరసాపురం ప్రాంతంలో సేవ చేసిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల కాలం నుంచీ మన గోదావరి డెల్టాలో చాలా సంఘాలు సాదాగానే ఆరాధిస్తున్నాయి. అందుకే పెద్దలకు అంత టెన్షన్.

పాస్టర్ గారితో అందరి ముందు కాకుండా, ఇంటికెళ్లి మాట్లాడండి. 'సండేస్కూల్ పిల్లలకు సంఖ్యాకాండం చెప్పేటప్పుడు చూపిద్దాం అయ్యగారూ' అనండి, ఆయన మాటా దక్కుతుంది. తర్వాత మడతపెట్టి బీరువాలో పెట్టేయండి.