‘ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదు’ అంటే సంతోషించకండి

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకు 95,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 31,000, ఇంటి ఖర్చులు 38,000, సిప్‌లకు 10,000 పోతాయి. బ్యాంకులో లక్షన్నర ఉంది. భార్య, మూడేళ్ల పాప. ఒక స్నేహితుడు తన 250 సీసీ ఫోర్‌స్ట్రోక్ మోటోక్రాస్ బైకును (మట్టి ట్రాక్ మీద రేసులకు వాడేది) 4.5 లక్షలకు ఇస్తానంటున్నాడు. 90 గంటలే నడిచిందట, ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదట. నెలకు రెండు ఆదివారాలు సరదాగా నడుపుకోవాలని నా కోరిక. బ్యాంకులో ఉన్నదానికి 3 లక్షల వ్యక్తిగత రుణం కలిపి కొనవచ్చా?

జవాబు: రుణం సంగతి తర్వాత మాట్లాడదాం. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీ స్నేహితుడి మాట. రోడ్డు మీద తిరిగే బండి గురించి ‘ఇంజిన్ విప్పలేదు’ అంటే అది మెచ్చుకోలు. మోటోక్రాస్ బండి 90 గంటలు నడిచాక కూడా ఇంజిన్ విప్పలేదంటే, చేయించాల్సిన పని చేయించలేదని అర్థం. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేననడం లేదు. బహుశా ఆయనకూ తెలిసి ఉండదు.

ఈ బళ్ల వయసును కిలోమీటర్లతో కాదు, ఇంజిన్ నడిచిన గంటలతో లెక్కపెడతారు. మామూలు బండికి 90 గంటలంటే మూడు నాలుగు వేల కిలోమీటర్లు, అంటే ఇంకా కొత్తదే. కానీ 250 సీసీ రేసు ఇంజిన్ నిమిషానికి 13,000 చుట్లు దాటి తిరుగుతుంది. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ను తేలికగా, పొట్టిగా చేస్తారు, కాబట్టి త్వరగా అరుగుతుంది. ఇంజిన్‌లో పట్టే ఆయిల్ లీటరుకు అటూ ఇటూ మాత్రమే. కొన్ని మోడళ్ల మాన్యువల్‌లో రేసు వాడకానికి పిస్టన్ మార్చే గడువు 15 గంటలని రాసి ఉంటుంది. సరదాగా నడిపేవారు 40, 50 గంటల వరకు లాగుతారు. ఆయిల్ మాత్రం అయిదారు గంటలకోసారి మార్చాల్సిందే. ఎయిర్ ఫిల్టర్‌ను నడిపిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, దానికి వాడే జిగురు నూనె పట్టించాలి.

ఇక వాల్వులు, అంటే ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు రానిచ్చి పొగను బయటికి వదిలే మూతలు. బరువు తగ్గించడానికి వీటిని చాలా మోడళ్లలో టైటానియంతో చేస్తారు, పైన పలుచని గట్టి పూత ఉంటుంది. ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లి ఆ పూత అరిగితే వాల్వు తాను ఆనుకునే అంచులోకి (సీటు అంటారు) దిగిపోవడం మొదలుపెడుతుంది. దాంతో వాల్వు పైన వదలాల్సిన ఖాళీ మూసుకుపోతుంది. దాన్ని సరిచేయడానికి చొక్కా గుండీ కన్నా చిన్న బిళ్ల ఉంటుంది, షిమ్ అంటారు. ఒకటి రెండుసార్లు షిమ్ మార్చి నెట్టుకురావచ్చు. ఆ తర్వాత వాల్వులే మార్చాలి. పిస్టన్ గానీ వాల్వు గానీ విరిగిందా, సిలిండర్, హెడ్, ఒక్కోసారి పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు, క్రాంక్ కూడా పోతాయి.

ఇది నేను కళ్లారా చూశాను. నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన ఇలాంటి బండే కొన్నారు. వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆయన చెమటలు కక్కుతూ ముప్పై నలభైసార్లు కిక్ కొట్టినా అది స్టార్ట్ కాలేదు. మెకానిక్ ఫిల్టర్ తీసి, దాని వెనకున్న రబ్బరు గొట్టంలో వేలు తిప్పి మాకు చూపించాడు. వేలికంతా ఎర్రటి మెత్తని మట్టి. ‘ఈ మట్టంతా ఇంజిన్‌లోకి పోయింది సార్’ అన్నాడు. బిల్లు 1,40,000 రూపాయలైంది. పిల్లవాడి స్కూలు ఫీజు కోసం వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీయాల్సి వచ్చింది. ఆ రోజు వాళ్లావిడ ఒక్క మాటా అనలేదు. నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ మౌనమే.

మీ లెక్కకు వద్దాం. నెలకు రెండు ఆదివారాలు, ఒక్కోసారి రెండున్నర గంటలు అనుకుంటే ఏడాదికి 60 గంటలు. నా అంచనాలో పది ఆయిల్ మార్పులకు 12,000, ఫిల్టర్ నూనె, శుభ్రం చేసే ద్రావకాలకు 4,000, మూడుసార్లు వాల్వుల ఖాళీ కొలిపించడానికి 9,000, చెయిన్, స్ప్రాకెట్లు, టైర్లకు 30,000 అవుతాయి. పిస్టన్ పని ఒకసారికి కూలితో కలిపి 30,000 అనుకోండి. 40 గంటలకోసారి అంటే ఏడాదికి సగటున 45,000. మొత్తం లక్ష రూపాయలు. మీ మెకానిక్ చెప్పే ధరలు పెట్టి ఈ లెక్క మళ్లీ వేసుకోండి, కానీ దిగుమతి విడిభాగాల దగ్గర అది పెద్దగా తగ్గుతుందని ఆశపడకండి.

మూడు లక్షల రుణాన్ని 13 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 10,100, మొత్తం వడ్డీ 64,000 దాకా. నిర్వహణకు నెలకు 8,300 కలిపితే 18,400. మీకు నెలాఖరున మిగిలేది 16,000. పెట్రోలు పోయకముందే 2,400 లోటు. వాయిదా, నిర్వహణ కలిపితే మీరు నడిపే ఒక్కో గంటకు దాదాపు 3,700 రూపాయలు పడుతుంది. పైగా బ్యాంకులోని లక్షన్నర మీ ఇంటికి రెండు నెలల ఊపిరి. మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మరో సంగతి. మోటోక్రాస్ బళ్లకు మన దగ్గర రిజిస్ట్రేషన్ ఉండదు. నంబరు ప్లేటు లేదు కాబట్టి రోడ్డెక్కకూడదు. ప్రతి ఆదివారం మరో వాహనంలో ఎక్కించి తీసుకెళ్లాలి. ఆ ఖర్చు పై లెక్కలో లేదు. ఆరోగ్య బీమాలో సాధారణంగా సాహస క్రీడలను వృత్తిగా చేసేవారికే ఆ గాయాల ఖర్చు ఇవ్వరు, కానీ వ్యక్తిగత ప్రమాద బీమాలో షరతులు వేరుగా ఉండవచ్చు. మట్టిలో ఏ బండి నడిపినా ముందు మీ పాలసీ పత్రం తీసి ఆ పేరా చదవండి.

కాబట్టి ఈ బండి వద్దు. మట్టిలో నడపాలన్న కోరికను మాత్రం చంపుకోకండి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి అది ఎంత అవసరమో నాకు తెలుసు. హీరో ఎక్స్‌పల్స్ 200 ఫోర్‌వాల్వ్ లాంటి బండి కూడా ఫోర్‌స్ట్రోకే, కానీ రోజువారీ వాడకానికి చేసినది. ఆయిల్ మార్పును వేల కిలోమీటర్లలో లెక్కపెట్టుకోవచ్చు, విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయి, నంబరు ప్లేటుతో వికారాబాద్ అడవుల దాకా నడుపుకుంటూ వెళ్లి మట్టిదారి పట్టవచ్చు. ఎగిరి దూకడంలో మోటోక్రాస్ బండికి ఇది సాటి రాదు, నిజమే. కానీ నెలకు రెండు ఆదివారాలు నడిపేవారికి నేర్చుకోవాల్సినది ఇందులోనే బోలెడు ఉంది. (టూస్ట్రోక్ మోటోక్రాస్ బండి కొనమని ఎవరైనా చెప్పవచ్చు. దాని పిస్టన్ పని చవక, ఇలాంటి వాల్వులుండవు. అయినా రిజిస్ట్రేషన్ చిక్కు దానికీ ఉంది.)

మిగిలే 16,000ను రెండు రికరింగ్ డిపాజిట్లుగా, 8,000 చొప్పున వేయండి. ఒకటి అత్యవసర నిధికి, రెండోది బండికి. పద్నాలుగు నెలల్లో ఒక్కోదాంట్లో 1,12,000, పైన కొంత వడ్డీ చేరుతుంది. మంచి పాత ఎక్స్‌పల్స్‌కు ఆ సొమ్ము సరిపోవచ్చు. సిప్‌లు ఆపకండి. ఈలోగా బండి వాళ్లే ఇచ్చి శిక్షణ ఇచ్చే చోటికి రెండు మూడుసార్లు వెళ్లి రండి.

మీ స్నేహితుడికి ఒక మాట చెప్పండి. ఎవరికి అమ్మినా, అమ్మకపోయినా, ఆ బండిని మళ్లీ స్టార్ట్ చేసేలోపు పిస్టన్ మార్పించి, నాలుగు వాల్వులూ కొలిపించమనండి.