అన్నిటినీ తామర అనకు తల్లీ

ప్రశ్న: అక్కా, మేం గుంటూరు నుంచి షికాగో వచ్చి నాలుగు నెలలైంది. మా పాపకి రెండేళ్ళు. చలి మొదలైన దగ్గర్నుంచి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక రక్తం వచ్చేదాకా గోక్కుంటోంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. మా అత్తగారు వీడియోలో చూసి తామర అన్నారు, అక్కడి మెడికల్ షాపులో కొని నాలుగు ట్యూబులు పంపించారు. మా ఆయనకీ మోచేతుల మీద పొట్టు లేస్తోంది, ఆయనా అదే రాసుకుంటున్నారు. ఇన్సూరెన్సు ఉంది కానీ ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలీదు. రాయనా, మాననా?

జవాబు: ముందు ఆ ట్యూబు పాప ఒంటికి రాయడం ఆపెయ్యి తల్లీ. పారెయ్యకు మాత్రం. అట్టపెట్టెతో సహా దాచు. ఎక్కడెక్కడ, ఎన్ని రోజులు రాశావో ఒక కాగితం మీద పెట్టుకో. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2004 జనవరిలో నేనూ ఇదే చేశాను. బాబుకి అప్పుడు ఏడాదిన్నర, మాకు ఇక్కడ మొదటి చలికాలం. మా అమ్మ పంపిన ట్యూబు రాస్తే మూడో రోజుకల్లా నున్నగా అయిపోయింది. మానేస్తే వారం తిరక్కుండా ఇంకా ఎక్కువగా వచ్చేది. అలా రాస్తూ మానుతూ బుగ్గల మీద కూడా ఆరు వారాలు రాశాను. బుగ్గలు ఉల్లిపొరలా పల్చబడి సన్నటి రక్తనాళాలు బయటపడ్డాయి. నోటి చుట్టూ ఆవగింజలంత పొక్కులు లేచాయి. పిల్లల డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు, ఏం రాస్తున్నారో చూపించండి అంది. ట్యూబుని దీపం కిందకి పట్టుకుని, చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగు పేర్లూ చదివి, ఒకదాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. క్లోబెటాసోల్. ఇక్కడ స్టెరాయిడ్ క్రీముల్ని బలాన్నిబట్టి ఏడు తరగతులు చేస్తారు. ఇది ఒకటో తరగతి, అన్నిటికంటే గట్టిది. పెద్దవాళ్ళకే మామూలుగా రెండు వారాలు మించి వాడనివ్వరు. మిగతా మూడు పేర్లలో ఒకటి ఫంగస్ మందు, రెండు యాంటీబయోటిక్స్. ఏ జబ్బైనా ఏదో ఒకటి తగులుతుందిలే అని నాలుగూ ఒక ట్యూబులో కలిపారన్నమాట. 2018లో మన దేశంలో గట్టి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చారు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. అయినా పేరు చెబితే చేతికిచ్చే షాపులు ఎన్నో నీకూ తెలుసు.

అసలు చిక్కు తామర అనే మాటలోనే ఉంది. మనవాళ్ళు చర్మం పొడిబారి దురదపెట్టే ఎగ్జిమాని తామర అంటారు, ఫంగస్‌తో వచ్చే గుండ్రటి మచ్చనీ తామరే అంటారు, సోరియాసిస్‌నీ కొందరు అదే పేరుతో పిలుస్తారు. ఎగ్జిమాకి స్టెరాయిడ్ మందు. ఫంగస్‌కి అదే స్టెరాయిడ్ ఎరువు. పైకి దురద తగ్గినట్టు ఉంటుంది, లోపల అది అంచులు చెరుపుకుంటూ పాకిపోతుంది, చివరికి డాక్టరు కూడా గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది.

నువ్వు చెప్పినదాన్నిబట్టి పాపది ఎగ్జిమా కావచ్చు. రెండేళ్ళ వయసు, మడతల్లో రావడం, రాత్రి దురద, చలితో పెరగడం, అన్నీ అటే చూపిస్తున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, తుమ్ములు ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. చర్మం పై పొరని బిగుతుగా ఉంచే ఫిలగ్రిన్ అనే ప్రోటీను కొందరికి పుట్టుకతోనే తక్కువ. దాన్ని తయారుచేసే జన్యువుకీ ఎగ్జిమాకీ ఉన్న లంకె 2006లో బయటపడింది. అది తక్కువైతే లోపలి తడి బయటికి పోతుంది, సబ్బూ దుమ్మూ లోపలికి చొరబడతాయి. గుంటూరు ఉక్కలో అణిగి ఉన్నది ఇక్కడ ఇల్లు వేడిచేసే ఫర్నేస్ గాలికి బయటపడింది, అంతే. నువ్వు పెట్టిన తిండి వల్ల కాదు, నీ పెంపకం వల్ల కాదు. ఆ బాధ మనసులోంచి తీసెయ్యి.

ఇంకో సంగతి. ఇక్కడి కరపత్రాల్లో ఎర్రటి మచ్చలు అని రాస్తారు. మన ఒంటి రంగు మీద ఎరుపు కనబడదు. ముదురు గోధుమగానో, ఊదాగానో, బూడిద రంగులోనో ఉంటుంది. ఒక్కోసారి రోమాల మొదట్లో గరుకు గింజల్లా చేతికి తగులుతుంది. అలవాటు లేని డాక్టరు తేలిగ్గా తీసుకోవచ్చు. ఎక్కువైన రోజునే, కిటికీ వెలుతురులో ఫొటోలు తీసి ఉంచు. అపాయింట్‌మెంటు రోజుకి సగం తగ్గిపోయి ఉంటుంది. తగ్గాక మిగిలే నల్ల మచ్చలు జబ్బు కాదు, నెలలు పట్టినా వాటంతటవే వెలిసిపోతాయి. బుగ్గల మీద పాలిపోయిన తెల్లమచ్చలు కనిపిస్తే కడుపులో పురుగులనో, బొల్లి అనో కంగారు పడకు. ఎగ్జిమా పిల్లల్లో అవి మామూలు, అయినా డాక్టరుకి ఒకసారి చూపించు.

ఇంట్లో చేసేది ఇదీ. గోరువెచ్చటి నీళ్ళు, అయిదు పది నిమిషాలు, అంతకు మించి వద్దు. పొగలు కక్కే నీళ్ళు, సున్నిపిండి, నలుగు ఈ చర్మానికి గరుకు కాగితంతో సమానం. వాసన లేని క్లెన్సర్ అవసరమైన చోట మాత్రమే వాడు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే, మూడు నిమిషాల్లోపు, మందు ఇచ్చిన చోట మందు, మిగతా ఒళ్ళంతా చిక్కటి మాయిశ్చరైజర్ రాసెయ్యి. లోషన్ కంటే క్రీము మేలు, క్రీము కంటే ఆయింట్‌మెంట్ మేలు. మామూలు పెట్రోలియం జెల్లీ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. కొబ్బరినూనె రాయాలని అత్తగారు అంటే రాయనివ్వు, దానివల్ల మేలే. ఊలు స్వెట్టర్ లోపల నూలు బనీను వెయ్యి. బట్టల సబ్బు వాసన లేనిది కొను, డ్రైయర్‌లో వేసే సువాసన కాగితాలు మానెయ్యి.

వంకాయ, గోంగూర మాన్పించమని ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి. పరీక్ష లేకుండా పాలూ గుడ్లూ మాన్పిస్తే పిల్ల చిక్కిపోవడమే తప్ప దురద తగ్గదు. ఏదైనా తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతి వస్తే అది వేరే సంగతి, డాక్టరుకి చెప్పాలి.

డాక్టరు స్టెరాయిడ్ రాస్తే భయపడి రెండు చుక్కలు పూసి మానెయ్యకు. నా అనుభవం తర్వాత నేను రెండేళ్ళు అలా భయపడ్డాను, దానివల్లా బాబే బాధపడ్డాడు. మొహానికి తేలికైన హైడ్రోకార్టిసోన్, ఒంటికి మధ్యరకం ట్రయామ్‌సినోలోన్, ఇలా చోటునిబట్టి వేర్వేరుగా ఇస్తారు. రెండోది ఇక్కడ ఒక పౌండు డబ్బాలో కూడా దొరుకుతుంది, డబ్బా పెద్దదని ఊరంతటికీ పంచకు. నీ చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్ళతో సహా నీ రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. నున్నబడేదాకా రాసి, డాక్టరు చెప్పినట్టు ఆపాలి. కనురెప్పల్లాంటి చోట్లకి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే పూతమందు ఉంది, రెండేళ్ళు దాటినవాళ్ళకి ఇస్తారు. మొదటి రోజుల్లో మంట పుడుతుంది, తర్వాత పోతుంది. ఇవేవీ లొంగని పిల్లలకి డుపిలుమాబ్ ఇంజెక్షన్ వచ్చింది, 2022 నుంచి ఆరు నెలల వయసు దాటినవాళ్ళకి కూడా అనుమతి ఉంది.

మీ ఆయన సంగతి వేరేలా ఉంది. మడతల్లో కాకుండా మోచేతి ఎముక మీద, మందంగా, అంచు స్పష్టంగా, గీరితే వెండి రంగు పొట్టు రాలుతుంటే సోరియాసిస్ కావచ్చు. తలలో మొండి చుండ్రు ఉందేమో, గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలున్నాయేమో చూడు. పొద్దున్నే వేళ్ళూ నడుమూ పట్టేస్తున్నాయేమో అడుగు, ఎందుకంటే ఈ జబ్బున్న పదిమందిలో ముగ్గురికి దాకా కీళ్ళకీ పాకుతుంది. ఆలస్యం చేస్తే కీళ్ళు వంకరపోవచ్చు. ఇది అంటుకోదు, పాపని ఎత్తుకోనివ్వు. ఇండియాలో ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. అవి ఉన్నట్టుండి ఆపితే సోరియాసిస్ ఒళ్ళంతా భగ్గుమనవచ్చు. జబ్బు ముదిరితే ఇచ్చే, ఒంటి రోగనిరోధక శక్తిని కొంత అణిచే బయోలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. చిన్నప్పుడు టీబీ రాకుండా బీసీజీ టీకా వేసుకున్నాం కదా, చేతి మీద సూది పరీక్ష చేస్తే దానివల్లే తప్పుడు పాజిటివ్ రావచ్చు. రక్తపరీక్షే చెయ్యమని అడగండి.

ఫంగస్‌కి అంచు పైకి లేచి మధ్యలో తేరుకున్న వలయంలా ఉంటుంది, గజ్జల్లో, నడుం దగ్గర ఎక్కువ. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకి లొంగని కొత్తరకం ఫంగస్ మన దేశంలో బాగా పాకింది, 2023లో న్యూయార్క్‌లో రెండు కేసులు బయటపడ్డాయని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పింది. ఇండియాలో ఏ మాత్ర వాడారో చెప్పి, పొట్టు గీకి పరీక్ష చెయ్యమనండి.

ఇన్సూరెన్సు కార్డు తీసి చూడు. హెచ్‌ఎంఓ రకం అని ఉంటే ముందు పాపకి పిల్లల డాక్టరు, మీ ఆయనకి ఫ్యామిలీ డాక్టరు రిఫరల్, అంటే చర్మ డాక్టరు దగ్గరికి పంపే చీటీ, రాయాలి. పీపీఓ రకం అయితే మీ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో ఉన్న చర్మ డాక్టరుకి నేరుగా ఫోన్ చెయ్యొచ్చు. చర్మ డాక్టరుకి నెలలు ఆగాల్సి రావచ్చు, ఎవరైనా మానుకుంటే పిలవమని పేరు రాయించు. పాపకి మాత్రం అంతవరకు ఆగక్కర్లేదు, ఎగ్జిమాకి పిల్లల డాక్టరే మొదలుపెట్టగలరు.

గోకిన చోట తేనె రంగు పెచ్చులు కట్టినా, వేడిగా వాచినా అదే రోజు చూపించు. జ్వరంతో పాటు ఒకే సైజు నీటి పొక్కులు గుంపుగా లేచి నొప్పి పెడితే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, అది హెర్పిస్ వైరస్ పాకడం కావచ్చు. పెదాలు, నాలుక వాచి ఊపిరి అందకపోతే వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్యి. ఇవేవీ లేకపోతే సోమవారం పొద్దున ఎనిమిదింటికి పిల్లల డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఫొటోలు, ఆ కాగితం, ట్యూబు మూడూ సంచిలో పెట్టుకెళ్ళు.